ఊఁ కొట్టే మనిషి

ఆ పిల్లాడికి రెండేళ్ళ నాలుగు నెలలు. కోరుట్ల దగ్గరి ఒక ఊరి నుంచి నాయినమ్మ చంకనెత్తుకుని కరీంనగర్‌లోని నా గదికి తీసుకొచ్చింది. వెనకాలే వాళ్ళమ్మ, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాత మందుల చీటీలు. మాట్లాడుతుండగా బల్ల మీద నా ఫోను మోగింది. పిల్లాడు దానికేసి వేలు చూపించి "బాపు" అన్నాడు. ఆ ముప్పావుగంటలో వాడి నోట వచ్చిన మాట అదొక్కటే.

"వానికి ఫోనే బాపు బిడ్డా," అంది నాయినమ్మ. "వీడు కడుపుల ఉన్నప్పుడే నా కొడుకు దుబాయి వొయిండు. ఫోన్ల సూసుడే తప్ప ఎత్తుకున్నది లేదు."

నేను స్పీచ్ థెరపిస్టుని. మాట రాని, మాట ఆలస్యమైన, మాట తడబడే పిల్లలతో పద్దెనిమిదేళ్ళుగా పని చేస్తున్నాను. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చే కుటుంబాల్లో చాలావాటికి ఒక మనిషి గల్ఫ్‌లో ఉంటాడు. ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చేస్తుంటారు. నేనూ అలాంటి ఇంటి పిల్లనే. అందుకేనేమో, వీడికి మాటలెందుకు రాలేదని ఎవరైనా అడిగితే, ఆ ఇంట్లో ఎవరికి ఏ వేళ తీరిక దొరుకుతుందో ముందు తెలుసుకోవాలనిపిస్తుంది.

అయితే అంతకంటే ముందు చెవులు చూడాలి. ఆ మాట అనగానే నాయినమ్మ అడ్డుపడింది. "చెవులు మంచిగనే ఇనవడ్తయ్. టీవీ పెడ్తె ఉరికొస్తడు. వీళ్ళ బాపుకు గూడ మాటలు లేటుగనే వచ్చినయ్."

ఈ రెండు మాటలూ దాదాపు ప్రతి ఇంట్లోనూ వింటాను. తెర మీద వెలుతురు కదిలితే చెవిటి పిల్లలు కూడా ఉరికొస్తారు. తలుపు చప్పుడు వాళ్ళకు ఒంటికి అదురుగా తెలుస్తుంది. కొందరికి మోటు శబ్దాలన్నీ వినిపించి 'స', 'శ' లాంటి సన్నని ధ్వనులు మాత్రం అందవు. పిలిస్తే తిరిగి చూస్తారు, మాటను మాత్రం సరిగ్గా పట్టుకోలేరు. అందుకే ఎన్ని గుర్తులు చెప్పినా పరీక్ష చేయించకుండా నేను ముందుకు కదలను. ఓఏఈ అనే పరీక్షకు పిల్ల నిద్రపోతున్నప్పుడు చెవిలో చిన్న బుడిపె పెడితే చాలు, నిమిషాల్లో అయిపోతుంది. అనుమానం మిగిలితే బెరా చేస్తారు. శబ్దం చెవి నుంచి మెదడుకు చేరే దారిని తలకు అతికించిన తీగలతో చూసే పరీక్ష అది.

ఈ పిల్లాడి చెవులు బాగానే ఉన్నాయి. కాని ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఒకటి చెప్పకుండా దాటలేను. పిల్లనెత్తుకుని వచ్చిన తల్లిదండ్రులను నేను అడిగే మొదటి నాలుగు ప్రశ్నల్లో "మీది మేనరికమా?" అన్నది ఒకటి. మేనమామకో, మేనమామ కొడుక్కో ఇస్తే పిల్ల కళ్ళ ముందే ఉంటుందని, ఆస్తి బయటికి పోదని మనవాళ్ళ నమ్మకం. పుట్టు చెవుడుకు కారణమయ్యే జన్యువులు చాలావరకు దాగి ఉండే రకం. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే ఏమీ కాదు, పిల్ల మామూలుగా వింటుంది. ఇద్దరి నుంచీ అదే జన్యువు వస్తే వినికిడి పోతుంది. తల్లీ తండ్రీ ఒకే రక్తం పంచుకున్నప్పుడు ఇద్దరిలోనూ అదే దాగి ఉండే అవకాశం పెరుగుతుంది. లోకంలో పుట్టే ప్రతి వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా వినికిడి లోపంతో పుడతారు. మేనరికాలు ఎక్కువగా ఉన్నచోట ఆ భయం ఇంకా ఎక్కువ. ఏ తల్లినీ వేలెత్తి చూపడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ పెళ్ళి కుదిరినప్పుడు ఆమెను ఎవరూ అడిగి ఉండరు. మేనరికమైతే పుట్టిన నెలలోపే చెవి పరీక్ష చేయించండని చెప్పడమే నా ఉద్దేశం.

నెలలోపు పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలు. ఇదీ మా వైద్యం పెట్టుకున్న గడువు. నా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి రెండేళ్ళు దాటుతాయి, కొందరికి నాలుగేళ్ళు. పిల్లల ఆరోగ్యాన్ని చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. అంగన్‌వాడీకి వచ్చే ఆ బృందానికి అనుమానం చెబితే జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతారు. చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంటు లక్షల ఖర్చు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ దాన్ని పేదింటి పసిపిల్లలకు అందుబాటులోకి తెచ్చింది. ఇంప్లాంటు పెట్టాక అసలు పని ఇంట్లో మొదలవుతుంది. యంత్రం శబ్దాన్ని మాత్రమే అందిస్తుంది, అందులోంచి మాటను ఏరుకోవడం పిల్ల నేర్చుకోవాలి. వేములవాడ వైపు ఒక ఆటో డ్రైవరు తన కూతుర్ని సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. గేదె అడ్డమొచ్చినా, వాన చినుకు పడినా, ఎవరో ఎక్కినా దిగినా వదలకుండా చెప్పేవాడు. ఆ పిల్ల స్పష్టంగా అన్న మొదటి మాట "ఆపు". ఎక్కినవాళ్ళందరూ అనే మాట అదే కదా.

వినికిడి బాగున్నా మాట రాకపోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం ఉంటే ఆటిజం ఏమోనని పిల్లల వైద్యుడి దగ్గరికి పంపుతాను. అది తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు. ఈ పిల్లాడు ఫోనుకేసి వేలు చూపించి, నేను చూశానా లేదా అని నా ముఖంలోకి చూశాడు. ఆ ఒక్క చూపుతో నాకు సగం భారం దిగింది.

మాట అనేది మొదటి పుట్టినరోజుకి ఊడిపడేది కాదు. రెండో నెలలోనే పాపాయి "ఉంగా" అంటుంది. ఎత్తుకున్న మనిషి "ఏంటమ్మా, ఉంగానా?" అంటుంది. పాపాయి ఆగి, విని, మళ్ళీ "ఉంగా" అంటుంది. మన ఆడవాళ్ళు దీన్ని ఊసులు చెప్పడం అంటారు. ఎంత సరైన మాటో! ఇంకా ఒక్క పదం రాలేదు, సంభాషణ మాత్రం అప్పుడే మొదలైంది. నువ్వొకటి, నేనొకటి. అరచేతిలో పప్పు వండి ఒక్కో వేలికీ పెట్టి, చివరికి చంక దాకా పాకించి కితకితలు పెట్టే ఆట ఉందే, అందులో ఉన్నదీ ఇదే. చంక దగ్గరికి రాకముందు ఒక్క క్షణం ఆగుతాం. పిల్ల ఊపిరి బిగబట్టి మన ముఖంలోకి చూస్తుంది. మాట నేర్చుకోవడానికి కావలసిన ఓపికంతా ఆ క్షణంలో అలవడుతుంది. ఎనిమిది తొమ్మిది నెలలకు "బాబాబా, తాతాతా" వస్తాయి, ఏడాది అటూ ఇటూగా మొదటి పదం, రెండేళ్ళకల్లా రెండేసి పదాలు కలిపిన ముక్కలు. రెండేళ్ళ నాలుగు నెలలకు ఒక్క పదం దగ్గరే ఆగిపోతే ఎదురుచూస్తూ కూర్చోకూడదు.

మా అమ్మ మెట్‌పల్లి దగ్గరి ఊళ్ళో బీడీలు చేసేది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఒక మూల తంబాకు. ఆకులో తంబాకు పోసి చుట్టి, కొస మూసి, దారం కట్టి పక్కన వేసేది. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. తలెత్తితే లెక్క తప్పుతుంది, చెయ్యి ఆగితే కూలి తగ్గుతుంది. మా అరుగు మీద ఐదారుగురు చేరేవాళ్ళు. ఎవరి బిడ్డ పెళ్ళి, ఎవరి చిట్టీ, ఎవరికి వీసా వచ్చింది, ఎవరిని ఏజెంటు ముంచాడు, అన్నీ ఆ చాటల మీదుగానే సాగేవి. పక్కన పాకుతూ, తునికాకు ముక్కలతో ఆడుతూ మేము. ఆ అరుగు మీద మాటలకు కరువన్నది లేదు. నాకేసి చూసి నాకోసం అన్న మాటలెన్ని అని అడిగితే మాత్రం ఆలోచించాలి.

అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఇదే లెక్క తీశారు. బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ కాన్సాస్ సిటీలో 42 కుటుంబాల ఇళ్ళకు నెలకోసారి వెళ్ళి, గంటసేపు కూర్చుని, పిల్లతో అన్న ప్రతి మాటా రికార్డు చేశారు. పిల్లలకు ఏడెనిమిది నెలలున్నప్పటి నుంచి మూడేళ్ళ దాకా. 1995లో అచ్చయిన వాళ్ళ పుస్తకం ప్రకారం పెద్ద ఉద్యోగుల ఇళ్ళలో పిల్లకు గంటకు సగటున 2,153 మాటలు వినిపిస్తే, ప్రభుత్వ సాయంతో బతికే ఇళ్ళలో 616. నాలుగేళ్ళు నిండేసరికి ఆ తేడా మూడు కోట్ల మాటలవుతుందని వాళ్ళు లెక్కకట్టారు. మెచ్చుకోలు, వారింపులు కూడా లెక్కపెట్టారు. ఉద్యోగుల ఇళ్ళలో గంటకు 32 సార్లు ప్రోత్సాహం, 5 సార్లు "వద్దు". పేదిళ్ళలో 5 సార్లు ప్రోత్సాహం, 11 సార్లు "వద్దు".

చదువుకునే రోజుల్లో ఈ అంకెలు చూసి నాకు ఏడుపొచ్చింది. మా అమ్మను ఎవరో తూకం వేసి తక్కువని తేల్చినట్టనిపించింది. తర్వాత తెలిసింది, ఆ సాయం మీద బతికే కుటుంబాలు మొత్తం ఆరే. చదువుకున్న అపరిచితులు నోటుపుస్తకం పట్టుకుని మూల కూర్చుంటే పేదింటి మనిషికి నోరు పెగులుతుందా? 2019లో డగ్లస్ స్పెరీ బృందం ఐదు అమెరికన్ సమాజాల్లో మళ్ళీ చూసింది. తల్లి మాటలే కాక ఇంట్లో అందరి మాటలూ, పిల్ల చెవిన పడే చుట్టుపక్కల మాటలూ కలుపుకుంటే ఆ పెద్ద అగాధం కనిపించలేదు. ఒకే రకం ఆదాయమున్న ఇళ్ళ మధ్యే బోలెడు తేడాలున్నాయి. మెక్సికోలోని ఒక మాయా తెగ ఊళ్ళో మరిస్సా కసీయాస్ అనే పరిశోధకురాలు, పసిపిల్లలతో పెద్దలు నేరుగా మాట్లాడేది గంటకు నాలుగు నిమిషాలు కూడా ఉండదని గమనించింది. అయినా ఆ పిల్లలకు మొదటి పదాలు ఈడుకు తగ్గట్టే వచ్చాయి. మా అరుగు గుర్తొచ్చింది నాకు.

కాబట్టి తల్లి మాట్లాడదు గనుక పిల్ల మాట్లాడదు అనే తొందరపాటు తీర్పు ఎవరిచ్చినా నేను ఒప్పుకోను. అలాగని పక్కన పడ్డ మాటలే చాలనీ అనలేను. 2013లో ఏడ్రియానా వైస్‌లెడర్, ఆన్ ఫెర్నాల్డ్ కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే 29 పేద కుటుంబాల పసివాళ్ళకు రోజంతా రికార్డర్ తొడిగి చూశారు. అందరూ పేదలే. ఒక ఇంట్లో పిల్లతో నేరుగా అన్న మాటలు రోజుకు 670, మరో ఇంట్లో 12,000 పైచిలుకు. ఎక్కువ విన్నవాళ్ళకు రెండేళ్ళకు ఎక్కువ పదాలు వచ్చాయి. పెద్దవాళ్ళు తమలో తాము అనుకున్న మాటలకు ఆ పదాలతో లంకె కనిపించలేదు.

నా విషయంలో ఆ నేరుగా అన్న మాటలు మా అమ్మమ్మవి. చూపు మందగించి బీడీలు మానేసింది. పొద్దుగూకాక నులక మంచం మీద నన్ను పక్కన పడుకోబెట్టుకుని కథ చెప్పేది. నేను ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగిపోయేది. "పన్నవా?" అని అడిగేది. "లే, చెప్పు" అంటే మళ్ళీ మొదలు. ఒక్కోసారి తనే ఆగి, "మరి నక్క ఎటు వొయ్యుంటది?" అని నాకు వదిలేసేది. 2018లో రేచల్ రోమియో బృందం బోస్టన్‌లో నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలు 36 మంది మీద చేసిన పరిశోధన చదివినప్పుడు ఆ నులక మంచమే కళ్ళ ముందు కదిలింది. ఇంట్లో పెద్దలూ పిల్లలూ ఒకరికొకరు ఎన్నిసార్లు బదులిచ్చుకున్నారో లెక్కపెట్టి, తర్వాత పిల్లలు కథ వింటుండగా వాళ్ళ మెదళ్ళను స్కానింగ్‌లో చూశారు. విన్న మాటల సంఖ్య కంటే ఈ బదులు మాటల సంఖ్యకే మెదడులోని మాటల చోటు స్పందించింది. తల్లిదండ్రుల ఆదాయం, చదువు పక్కన పెట్టి చూసినా అదే తేలింది.

ఊఁ కొట్టే పిల్ల ఉండాలంటే, ఆ పిల్ల "ఉంగా" అన్ననాడు ఊఁ కొట్టిన మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరు, ఏ వేళ దొరుకుతుంది అన్నది ఇంటి పరిస్థితి నిర్ణయిస్తుంది. ఈ పిల్లాడి తల్లికి ఇరవై మూడేళ్ళు. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదు. పొద్దున వంట, మధ్యాహ్నం నుంచి చాట. ఒళ్ళో తంబాకు ఉన్నప్పుడు పిల్లాడు దగ్గరికి రాకూడదని ఫోనులో బొమ్మలు పెట్టి ఎదురుగా కూర్చోబెట్టేది. అది ఆమె అజాగ్రత్త అని నేననుకోను. తంబాకు దుమ్ము నుంచి బిడ్డను కాపాడుకునే దారి ఆమెకు దొరికింది అదొక్కటే. నిద్ర పడుతుందా అని అడిగితే తల దించుకుంది. కాన్పు తర్వాత కుంగుబాటు పట్టిన తల్లుల గొంతులో ఎగుడుదిగుళ్ళు తగ్గిపోతాయి, బిడ్డ అన్నదానికి బదులు ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రాదు. ఆమెను ముందు మానసిక వైద్యురాలి దగ్గరికి పంపాను.

తీరిక లేని ఇంట్లో మాటకు చోటెక్కడ? అన్నం దగ్గర. ఇది నా ఊహ కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నల్లగొండ జిల్లాలో 60 ఊళ్ళలో, మూడు నెలల పసివాళ్ళకు పదిహేను నెలలు నిండేదాకా ఒక ప్రయత్నం చేసింది. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. కొన్ని ఊళ్ళలో తల్లులకు ఏం తినిపించాలో మాత్రమే చెప్పారు. మరికొన్ని ఊళ్ళలో ఎలా తినిపించాలో కూడా చెప్పారు: బిడ్డ ముఖం చూడాలి, మాట్లాడాలి, వద్దన్న సైగను గుర్తించాలి, చిన్న బొమ్మలతో ఆడించాలి. ఈ రెండో రకం ఊళ్ళ పిల్లలకు మానసిక వికాసం పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చాయి. ముద్ద ఎలాగూ పెట్టాలి. "బువ్వ, వేడి, ఊదు" అని మూడు మాటలనడానికి వేరే గంట అక్కర్లేదు.

డబ్బున్న ఇళ్ళలో ఊఁ కొట్టే మనిషి దొరుకుతుందని హామీ ఏమీ లేదు. కరీంనగర్‌లోనే ఒక అపార్ట్‌మెంట్ నుంచి దంపతులిద్దరు వచ్చారు. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు పట్టుబడదని ఒక ప్రైవేటు బడిలో చెప్పారట. తల్లికి అంతగా రాని ఇంగ్లీషులోనే రెండేళ్ళుగా పిల్లతో మాట్లాడుతోంది. విన్నాను: కమ్, సిట్, ఈట్, డోంట్ టచ్. లాల పోస్తూ, జో కొడుతూ, బూచిని చూపిస్తూ, అలిగితే బుజ్జగిస్తూ అనాల్సిన మాటలేవీ ఆ భాషలో ఆమె దగ్గర లేవు. దానికి తోడు నాయినమ్మ నోరు మూయించారు. ఇంకో తల్లి తండా నుంచి వచ్చింది. లంబాడీలో గలగల మాట్లాడే మనిషి, బిడ్డతో మాత్రం ఆచితూచి తెలుగులో నాలుగు ముక్కలు. ఇద్దరికీ ఒకటే చెప్పాను. మీకు నవ్వొచ్చే భాషలో, కోపమొచ్చే భాషలో మాట్లాడండి. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. పిల్లకు వచ్చిన పదాలు లెక్కపెడితే రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. తండా తల్లి బిడ్డకు లంబాడీలో పదకొండు పదాలు అప్పటికే వచ్చు, ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మళ్ళీ మన పిల్లాడి దగ్గరికి. రెండేళ్ళలోపు పిల్లలకు, అయినవాళ్ళతో అప్పుడప్పుడు చేసే వీడియో కాల్ తప్ప, ఫోను, టీవీ వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. అయితే వీడి బాపు ఉన్నది ఫోనులోనే. 2003లో పట్రీషియా కూల్ అమెరికాలో తొమ్మిది నెలల పిల్లల ముందు చైనా భాష మాట్లాడించింది. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆ భాష ధ్వనులు పట్టుకున్నారు, అదే మనిషిని వీడియోలో చూపిస్తే పట్టుకోలేదు. 2014లో సారా రోజ్‌బెరీ బృందం రెండు, రెండున్నరేళ్ళ పిల్లలతో ఇంకో సంగతి చూసింది. రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త పదాలు నేర్చుకోని పిల్లలు, వీడియో కాల్‌లో అవతలి మనిషి తమకు బదులిస్తూ మాట్లాడితే నేర్చుకున్నారు. తెర అడ్డం కాలేదు, బదులు రావడమే ముఖ్యమైంది.

బాపు ఎప్పుడు ఫోన్ చేస్తాడని అడిగాను. డ్యూటీ దిగి, వండుకుని, దుబాయి టైము తొమ్మిదింటికి. మనకు అప్పుడు పదిన్నర. పిల్లాడు నిద్రలో ఉంటాడు, లేదా నిద్ర కళ్ళతో అమ్మ భుజం మీద ఉంటాడు. బాపు ముఖం ఒక వెలిగే బొమ్మ, అంతే. అతనితో ఆ గదిలోంచే మాట్లాడాను. "మేడం, వాడేం మాట్లాడ్తడని?" అన్నాడు. మీరు అడగండి, అడిగి ఐదు లెక్కపెట్టేదాకా ఆగండి, వాడేమన్నా, ఏం చూపించినా దానికే బదులివ్వండి అన్నాను. డ్యూటీకి ముందు, అక్కడ ఐదింటికి, ఇక్కడ ఆరున్నరకు చేస్తానన్నాడు.

నాయినమ్మే ఒప్పుకోలేదు చాలాసేపు. "ఏం మాట్లాడమంటవ్ బిడ్డా? వానికేం సమజైతది?"

"పెద్ద మనుమలకు కథ చెప్పినవా అవ్వా?"

"చెప్పకపోతె పందురా?"

"గిప్పుడు వీనికి చెప్పు. ఊఁ అనకపోయినా ఆగి చూడు."

మూడు వారాలకోసారి వచ్చేవాళ్ళు. మధ్యలో ఫోన్లో చూసేదాన్ని. మొదటి నెల ఏమీ లేదు. రెండో నెలలో "బువ్వ", "దా", "పిట్ట". తల్లి చాట ముందున్న రెండు గంటలు నాయినమ్మ పిల్లాడిని వాకిట్లో కూర్చోబెట్టుకుని చిక్కుడుకాయలు వలిచేది. తల్లి మందులు వేసుకుంటోంది, నిద్రపోతోంది, ఒకరోజు నా ముందే పిల్లాడి మీద నవ్వుతూ కేకలేసింది.

నాలుగో నెలలో ఒక పొద్దున తల్లి నన్ను కూడా ఆ కాల్‌లో కలిపింది. నాయినమ్మ ఫోను పట్టుకుని పెరట్లో నిలబడింది. తెరలో బాపు, వెనక ఇనుప మంచాల వరస, పని బట్టలు తొడుక్కుంటున్న మనుషులు. పిల్లాడు కొట్టం వైపు తిరిగాడు. గుంజ దగ్గర తాడు మాత్రమే ఉంది.

"బాపు," అన్నాడు. "బర్రె వొయింది."

అవతల బాపు చొక్కా గుండీ పెట్టుకోవడం ఆపాడు. "ఎటు వొయింది?"

ఎవరూ మాట్లాడలేదు. నాయినమ్మ నోరు తెరవబోయి, నా వైపు చూసి ఆగింది. దుబాయిలో ఎవరో డ్యూటీకి టైమైందని పిలుస్తున్నారు. బాపు కదల్లేదు.

"సెర్వుకు," అన్నాడు పిల్లాడు.

"ఊఁ," అన్నాడు బాపు.